ఇంటి కంప్యూటర్లో రక్షణ సాఫ్ట్‌వేర్ల తగాదా



"అన్నా, కంప్యూటర్‌కు వైరస్ పట్టినట్టుంది, ఒకసారి వచ్చి చూస్తావా?" గోనెగండ్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాకు వచ్చే ఫోన్లు ఎక్కువగా ఈ మాటతోనే మొదలవుతాయి. వెళ్లి చూస్తే చాలాసార్లు వైరస్ ఉండదు. వైరస్‌ను ఆపడానికని పెట్టుకున్న సాఫ్ట్‌వేర్లే రెండో మూడో ఉంటాయి. అవి ఒకదాని పనికి ఒకటి అడ్డుపడుతూ ఉంటాయి. కంప్యూటర్ తెరుచుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, ప్రింటర్ కనపడదు, బ్యాంకు సైటు తెరుచుకోదు. ఇంట్లోవాళ్లు భయపడి ఇంకో యాంటీవైరస్ తెచ్చి వేస్తారు. దాంతో ఇబ్బంది ఇంకా ముదురుతుంది.

ఈ ప్రాంతంలో ఇది చిన్న సంగతేమీ కాదు. ఆదోని మార్కెట్‌లో పత్తి వ్యాపారం చేసేవాళ్లు ఇంటికొచ్చి ట్యాలీలో లెక్కలు ఎక్కించేది ఆ కంప్యూటర్ మీదే. ఎమ్మిగనూరులో బట్టల వ్యాపారులు 2017 జూలై 1న జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి రిటర్నులు దాఖలు చేస్తున్నదీ దాని మీదే. పిల్లలు ఈఏపీసెట్ దరఖాస్తులు పెట్టేదీ, హాల్ టికెట్లు తీసుకునేదీ దానిలోనే. గాజులదిన్నె వైపు ఊళ్లలో ఇంటి ముందరి గదిలోనే వేలిముద్ర యంత్రం పెట్టుకుని, ఆధార్ మీద జనానికి డబ్బులు తీసిచ్చే కుర్రవాళ్లున్నారు. ఆ యంత్రం ఒక పూట పలకకపోతే పట్నం బ్యాంకుకు బస్సెక్కాల్సింది ముసలివాళ్లు, కూలివాళ్లే.

అసలు ఒకే కంప్యూటర్లోకి రెండు యాంటీవైరస్‌లు ఎలా వచ్చాయో ముందు చూద్దాం. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు కంపెనీవాళ్లే కొన్నాళ్ల గడువుతో ఒకటి వేసి పంపిస్తారు. అమ్మిన అంగడిలో "ఏడాది రక్షణ" అంటూ డబ్బాలో ఇంకొకటి ఇస్తారు. మన దేశంలో తయారైనవే ఉన్నాయి, పుణేలో క్విక్ హీల్, చెన్నైలో కే సెవెన్, ఇవి ఊరూరా దొరుకుతాయి. మూడోది విండోస్‌తో పాటే వచ్చిన డిఫెండర్. అది ఉందన్న సంగతే చాలామందికి తెలీదు.

దానికి కారణముంది. విండోస్ ఎక్స్‌పీ కాలంలో కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లకు విండోస్‌లో సొంత రక్షణ ఏమీ ఉండదన్న నమ్మకం బలంగా నాటుకుంది. ఆ రోజుల్లో అది చాలావరకు నిజమే. 2004 ఆగస్టులో వచ్చిన ఎక్స్‌పీ రెండో సర్వీస్ ప్యాక్‌తోనే, నెట్ రాకపోకలకు కాపలా కాసే విండోస్ ఫైర్‌వాల్ దానంతటది ఆన్‌లో ఉండటం మొదలైంది. 2006లో డిఫెండర్ వచ్చినా అది గూఢచారి ప్రోగ్రాములను పట్టేదే తప్ప పూర్తి యాంటీవైరస్ కాదు. 2012లో విండోస్ 8తో అది పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది. ఇప్పటి కంప్యూటర్లో ఏమీ కొనకపోయినా ఒక యాంటీవైరస్, ఒక ఫైర్‌వాల్ ఉండనే ఉంటాయి. ఇంటి కంప్యూటర్‌కు, పద్ధతిగా వాడుకునేవాళ్లకు, అవి సరిపోతాయని నా గట్టి అభిప్రాయం. డబ్బు పెట్టి వేరేది కొనుక్కున్నా తప్పు లేదు, కానీ కొన్నదొక్కటే పని చేయాలి.

రెండుంటే నష్టమేమిటి, రక్షణ రెట్టింపు అవుతుంది కదా అని అడుగుతారు. లోపల జరిగేది కాస్త వివరంగా చెబుతాను. మీరు ట్యాలీలో ఒక బిల్లు సేవ్ చేశారనుకోండి. ఆ ఫైలు డిస్కుకు చేరే దారిలో ఫిల్టర్ డ్రైవర్లు అని కొన్ని కూర్చుని ఉంటాయి. వచ్చిపోయే ప్రతి ఫైలునూ ఆపి చూసి పంపడం వాటి పని. ఏది పైన, ఏది కింద అన్నదానికి మైక్రోసాఫ్ట్ ఒక్కొక్కదానికి ఒక అంకె కేటాయించింది. యాంటీవైరస్‌లకు 3,20,000 నుంచి దాదాపు 3,30,000 లోపు ఉన్న అంకెలు ఇచ్చారు. డిఫెండర్ ఫిల్టర్ పేరు డబ్ల్యూ డి ఫిల్టర్, దాని అంకె 3,28,010. రెండో యాంటీవైరస్ వచ్చి కొంచెం కిందో పైనో కూర్చుంటుంది. ఫైలును మొదటిది ఆపి, చదవడానికి తెరుస్తుంది. ఎవరో ఫైలు తెరిచారని రెండోది దాన్ని మళ్లీ ఆపుతుంది. ఒకటి పట్టుకుని దాచిన వైరస్ ఫైలు ఇంకొకదాని కంట పడితే, అది కొత్తగా వైరస్ దొరికిందని గోల పెడుతుంది. యాంటీవైరస్ దగ్గర వైరస్‌ల ఆనవాళ్ల జాబితా ఉంటుంది కదా, ఒక్కోసారి ఆ జాబితానే రెండోది వైరస్ అనుకుంటుంది. సాలిడ్ స్టేట్ డిస్కు లేని, 4 జీబీ మెమరీ ఉన్న పాత కంప్యూటర్లో ఈ తంతు నడుస్తుంటే టాస్క్ మేనేజర్‌లో డిస్కు నూటికి నూరు శాతం చూపిస్తూ ఉంటుంది. మౌస్ కదిపితే బాణం గుర్తు ఎప్పటికో కదులుతుంది.

ఈ అంకెలు మీరే చూడొచ్చు. స్టార్ట్ మెనూలో సి ఎం డి అని కొట్టి, దాని మీద కుడి బటన్ నొక్కి, రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. నల్లని తెర వస్తుంది. అందులో ఎఫ్, ఎల్, టి, ఎం, సి అనే ఐదక్షరాలు కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. ఫిల్టర్ల పేర్లు, పక్కన అంకెలు వరసగా వస్తాయి. 32తో మొదలయ్యే ఆరంకెల సంఖ్యలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒక యాంటీవైరస్‌కు ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు, కాబట్టి పేర్లు కూడా చూడాలి. ఏడాది కిందట తీసేశాం అనుకున్న యాంటీవైరస్ పేరు ఇంకా ఆ జాబితాలో కనపడిన ఇళ్లు నేను చూశాను. కంట్రోల్ ప్యానెల్లో పేరు పోయింది, డ్రైవర్ మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెబుతాను. గోనెగండ్ల దగ్గరి ఊళ్లో ఒక కుర్రవాడు ఇంట్లోనే ఆధార్ చెల్లింపుల పని చేస్తాడు. వేలిముద్ర యంత్రంలో దీపం వెలుగుతోంది, కానీ వెబ్‌పేజీ మాత్రం ఆర్‌డీ సర్వీస్ దొరకలేదంటోంది. డ్రైవర్ మళ్లీ వేశాడు, యూఎస్‌బీ తీగ మార్చాడు, యంత్రమే పోయిందనుకుని కొత్తది కొనడానికి సిద్ధమయ్యాడు. అరుగు మీద ఒక పెద్దమ్మ కూర్చుని బొటనవేలు కొంగుతో తుడుచుకుంటోంది. "ఏళ్ల తరబడి కలుపు తీసిన చేయి నాయనా, గీతలు అరిగినాయేమో" అంటోంది. "కాదు పెద్దమ్మా, నీ వేలు బాగానే ఉంది. మిషన్ ఇంకా నీ వేలిదాకా రానేలేదు" అన్నాను.

ఈ తేడా గమనించండి. వేలిముద్ర సరిపోలడం లేదు అని వస్తే అది వేలి సమస్య, లేదా అద్దం మీది దుమ్ము. సర్వీస్ దొరకలేదు అని వస్తే అది కంప్యూటర్ లోపలి సమస్య. ఆర్‌డీ సర్వీస్ అనేది ఆ యంత్రంతో పాటు కంప్యూటర్లో నడిచే చిన్న ప్రోగ్రాము. వెబ్‌పేజీ దానితో మాట్లాడేది అదే కంప్యూటర్లోని పోర్టు అనే ఒక ద్వారం గుండా. 11100 నుంచి 11120 వరకు ఉన్న పోర్టుల్లో ఏదో ఒకదాన్ని అది వాడుకోవాలని ఆధార్ సంస్థ నియమం పెట్టింది. బయటి నెట్‌తో సంబంధం లేని లోపలి సంభాషణ అది. అయినా ఫైర్‌వాల్‌కు అనుమానం వస్తే దాన్నీ ఆపేస్తుంది.

గడియారం పక్కనున్న చిన్న బాణం నొక్కి చూస్తే మూడు కవచం గుర్తులు. కాగితం తీసుకుని మూడింటి పేర్లూ రాశాం. తర్వాత విండోస్ సెక్యూరిటీ తెరిచి, కింద ఎడమవైపున్న సెట్టింగ్స్‌లో మేనేజ్ ప్రొవైడర్స్ చూశాం. యాంటీవైరస్ కింద రెండు పేర్లు ఆన్‌లో ఉన్నాయి, ఫైర్‌వాల్ కింద కూడా రెండు. ల్యాప్‌టాప్‌తో వచ్చిన దానికి గడువు ఎప్పుడో తీరిపోయింది. వైరస్‌ల కొత్త ఆనవాళ్లు దానికి అందడం లేదు, ఫైర్‌వాల్ మాత్రం నడుస్తూనే ఉంది. దాని హిస్టరీలో వెతికితే ఆర్‌డీ సర్వీస్ ఫైలు పేరు, పక్కన బ్లాక్డ్ అన్న మాట. అడ్డం ఎక్కడుందో తేలింది. గడువు తీరినదాన్ని పూర్తిగా తీసేశాం, కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాం, డబ్బు పెట్టి కొన్నదాన్ని ఒక్కదాన్నే ఉంచాం. దానిలో ఆర్‌డీ సర్వీస్‌కు అనుమతి ఇచ్చాం. పెద్దమ్మ వేలు మొదటిసారికే పట్టింది.

ఇందులో పెద్ద విద్యేమీ లేదు. ఉన్నదల్లా వరస. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి, చేసిన వెంటనే పని జరుగుతోందో లేదో చూడాలి, చేసింది కాగితం మీద రాసుకోవాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. వచ్చే నెల మళ్లీ అదే బాధ వస్తే మొదటికొస్తాం.

ఫైర్‌వాల్ గురించి ఇంకొంచెం చెప్పాలి. పత్తి లారీకి దారిలో రెండు చెక్‌పోస్టులు ఉన్నాయనుకోండి. మొదటిచోట చీటీ ఇచ్చి పంపినా, రెండోచోట ఆపితే లారీ ఆగినట్టే. రెండు ఫైర్‌వాల్‌లు కూడా అంతే. ఒకదానిలో అనుమతి ఇచ్చి, "నేను ఆన్ చేశానే, ఎందుకు రావడం లేదు" అని తలపట్టుకునేవాళ్లు ఎక్కువ. ఇంట్లో రెండు కంప్యూటర్లు పెట్టుకుని, ఒకదానిలో ట్యాలీ లైసెన్స్, రెండోదానిలో లెక్కల పని చేసేవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. ట్యాలీ లైసెన్స్ పంచే గేట్‌వే మామూలుగా 9999 పోర్టు వాడుతుంది. ఆ దారి మూసుకుంటే రెండో కంప్యూటర్లో ట్యాలీ ఎడ్యుకేషన్ మోడ్‌లోకి పోతుంది. లైసెన్స్ పోయిందని కంగారు పడతారు. అది ఎక్కడికీ పోలేదు. జీఎస్టీలో డిజిటల్ సంతకం టోకెన్ వాడేవాళ్లకూ ఇలాంటిదే. సంతకం చేయించే ఎంసైనర్ ప్రోగ్రాము 1585 పోర్టు మీద లోపల్లోపలే మాట్లాడుతుంది.

ఇంకో చిక్కు యాంటీవైరస్‌తో సంబంధం లేకుండానే వస్తుంది. రౌటర్ మార్చినప్పుడో, కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించుకున్నప్పుడో విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకుని పబ్లిక్ వర్గంలో వేస్తుంది. బస్టాండులోని వైఫైని ఎంత అనుమానంగా చూస్తుందో మీ ఇంటి వైఫైనీ అంతే అనుమానంగా చూస్తుందన్నమాట. పక్కగదిలోని ప్రింటర్ కనపడదు. ఇంటి నెట్‌వర్క్ అయితే ప్రైవేట్‌గా మార్చండి, ప్రింటర్ వచ్చేస్తుంది. హోటల్లో, కాలేజీలో ఉన్నప్పుడు పబ్లిక్‌గానే ఉంచండి. రౌటర్‌లో కూడా ఫైర్‌వాల్ ఉంటుంది కదా, దాన్ని తీసేయాలా అని అడుగుతుంటారు. అక్కర్లేదు. అది ఇంటి బయటి గడప దగ్గర ఉంటుంది, కంప్యూటర్‌లోని దానితో దానికి పేచీ లేదు. గొడవంతా ఒకే కంప్యూటర్లో ఒకే చోట కూర్చున్న రెండింటి మధ్యనే.

బ్యాంకు సైటుకు వెళ్తే సర్టిఫికెట్ తప్పు అని వస్తోందా? ముందు కంప్యూటర్లో తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. కరెంటు పోయి వస్తూ ఉండే ఇళ్లలో, లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కు పోతుంటుంది. తేదీ సరిగ్గా ఉంటే అప్పుడు యాంటీవైరస్‌ను అనుమానించాలి. కొన్ని యాంటీవైరస్‌లు బ్రౌజర్‌కు, సైటుకు మధ్య కూర్చుని తాళం వేసిన సమాచారాన్ని కూడా తెరిచి చూస్తాయి. రెండు యాంటీవైరస్‌లు ఆ పని చేయబోతే సైటే తెరుచుకోదు.

కంప్యూటర్ నెమ్మదించిన ప్రతిసారీ తప్పు సాఫ్ట్‌వేర్‌దేనని కూడా అనుకోకండి. పత్తి మిల్లుల పక్కన, ఎండాకాలం ఆదోని వేడిలో, ఫ్యాను రెక్కల మీద దూది, దుమ్ము పేరుకుని ఉంటాయి. చిప్పు వేడెక్కి తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్యాను చప్పుడు వినండి, అడుగున చేయి పెట్టి చూడండి.

ఇక నన్ను నిజంగా కలవరపెట్టే సంగతికి వస్తాను. పని జరగడం లేదన్న విసుగులో జనం అన్ని రక్షణలూ ఒక్కసారిగా ఆపేస్తారు. పని అయిపోతుంది. మళ్లీ ఆన్ చేయడం ఎవరికీ గుర్తుండదు. ఇంకొందరు డబ్బు పెట్టకుండా వాడుకోవడానికి పగలగొట్టిన ప్రోగ్రాములు తెచ్చుకుంటారు. వాటిని ఇచ్చినవాడే "వేసేముందు యాంటీవైరస్ ఆపేయ్" అని చెబుతాడు. దయచేసి ఆ మాట వినకండి. ఆ ఫైలులో ఏముందో వాడికీ తెలియదు.

2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తీస్తానంది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి, తిరుమల తిరుపతి దేవస్థానం ఆఫీసు కంప్యూటర్లు కొన్ని పడ్డాయి. అది 445 అనే పోర్టు గుండా ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి దూకింది, ఎవరూ ఏ ఫైలూ తెరవనక్కర్లేకుండానే. దాన్ని ఆపే సవరణను మైక్రోసాఫ్ట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలో, ఇచ్చింది. అది వేసుకున్న కంప్యూటర్లోకి వన్నాక్రై ఆ దారిన రాలేకపోయింది. ఫైర్‌వాల్ ఆపేసి, అప్‌డేట్లు ఆపేసి కూర్చున్న ఇంటి కంప్యూటర్లో ఏళ్ల తరబడి తీసిన పెళ్లి ఫొటోలు, మూడు సంవత్సరాల పత్తి లెక్కలు ఉంటాయి.

ఇంకా ఘోరం ఒకటుంది. యాంటీవైరస్ పేరు కొట్టి, పక్కన కస్టమర్ కేర్ నంబర్ అని వెతుకుతారు. దొరికిన మొదటి నంబర్‌కు ఫోన్ చేస్తారు. అవతలివాడు తియ్యగా మాట్లాడి, మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడపనిచ్చే ఎనీడెస్క్ లాంటిది వేయమని, వచ్చిన అంకెలు చెప్పమని అడుగుతాడు. ఆ ప్రోగ్రాముతో ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించింది. తెర మీద పెద్ద ఎర్ర పెట్టె వచ్చి, మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి అంటే, అది మోసమే. నిజమైన యాంటీవైరస్ ఫోన్ చేయమని ఎప్పుడూ అరవదు. ఒకవేళ డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ నేరాల సహాయ నంబర్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక, ఎక్కువైన యాంటీవైరస్‌ను తీసేయడానికి సరైన పద్ధతి చెప్పి ముగిస్తాను. కాగితం, పెన్ను ఉంటే రాసుకోండి. ముందుగా ట్యాలీ డేటా, ఫొటోలు, ముఖ్యమైన కాగితాలు పెన్‌డ్రైవ్‌లోకో బయటి హార్డ్ డిస్కులోకో ఎక్కించుకుని, దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీసి పక్కన పెట్టండి. ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఈ రక్షణ సాఫ్ట్‌వేర్లు విండోస్ లోతుల్లో కూర్చుంటాయి. అక్కడ ఏ చిన్న పొరపాటు జరిగినా మొత్తం కంప్యూటరే లేవకపోవచ్చు. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అనే యాంటీవైరస్ కంపెనీ పంపిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీ సొంత ఫైలునే వైరస్ అనుకుని పట్టేసింది. ఆ కంప్యూటర్లు ఆగి, మళ్లీ తెరుచుకుని, మళ్లీ ఆగాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ రక్షణ కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలుతో దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు మన శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. అంత పెద్ద కంపెనీలకే తప్పని ప్రమాదం మనింట్లోనూ జరగొచ్చు. కాపీ తీసుకున్నాకే చేయి వేయండి.

తర్వాత, ఏది ఉంచుకోవాలో తేల్చుకోండి. గడువు మిగిలి, డబ్బు పెట్టి కొన్నదుంటే దాన్ని ఉంచండి. లేకపోతే అన్నీ తీసేసి డిఫెండర్‌ను ఉంచండి. ఉంచుకునేదాని కీ నంబర్ రాసిపెట్టుకోండి. తీసేయాల్సినదాన్ని సెట్టింగ్స్‌లోని యాప్స్ జాబితాలోంచి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. ఫోల్డర్ డిలీట్ చేస్తే సరిపోదు, అలా చేస్తే డ్రైవర్ మిగిలిపోతుంది. కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టండి. పేరు ఇంకా కనపడుతుంటే, చాలా కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌ను వేళ్లతో సహా పెకలించే సాధనాన్ని ఉచితంగా ఇస్తాయి. దాన్ని ఆ కంపెనీ సొంత సైటు నుంచే దింపుకోండి. అదీ కుదరకపోతే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ చేసి, సేఫ్ మోడ్‌లో ప్రయత్నించండి. తీసేసే కాసేపు నెట్ తీగ పీకేయండి, వైఫై ఆపేయండి.

నిజంగానే వైరస్ అనుమానం ఉంటే, రెండో అభిప్రాయం తీసుకోవచ్చు. దానికి ఎప్పుడూ నడిచే రెండో యాంటీవైరస్ అక్కర్లేదు. ఒకసారి వెతికి తప్పుకునేవి ఉన్నాయి. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ దింపుకున్న 10 రోజులకు దానికదే పనికిరాకుండా పోతుంది. కేంద్ర ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్రం సైటులో కూడా ఉచిత సాధనాలు ఉన్నాయి.

అన్నీ అయ్యాక మళ్లీ మేనేజ్ ప్రొవైడర్స్ తెరవండి. యాంటీవైరస్‌ల్లో ఆన్‌లో ఒక్క పేరే, ఫైర్‌వాల్‌ల్లో ఆన్‌లో ఒక్క పేరే ఉండాలి. రెండు చోట్లా ఏదీ ఆన్‌లో లేకపోతే కంప్యూటర్‌ను నెట్‌కు తగిలించకండి. కొత్త ఆనవాళ్లు చివరిసారి ఎప్పుడు దిగాయో ఆ తేదీ చూడండి, అది ఈ రోజుదో నిన్నటిదో అయి ఉండాలి. మీది విండోస్ 10 అయితే ఇంకొక్క మాట. 2025 అక్టోబరు 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. కొత్త కంప్యూటర్ కొనే స్తోమత లేనివాళ్లు సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీ తెరిచి, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు ఇచ్చే పథకంలో చేరండి.